మెంటర్ బుక్కులో మనకు పేజీ లేదు

మా యూనివర్సిటీలో ప్రతి టీచరు దగ్గరా ఒక మెంటర్ బుక్కు ఉంటుంది. నాకు అప్పగించిన 22 మంది పిల్లల పేర్లు, ఒక్కొక్కరికి ఒక పేజీ, అందులో హాజరు, బ్యాక్‌లాగులు, ఇంటి పరిస్థితి, అన్నిటికన్నా అడుగున "ఒత్తిడికి సంబంధించిన సమస్యలు" అని ఒక గడి. కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడు ఇచ్చే నాక్ వాళ్లు వస్తున్నారంటే ఏడాది మొత్తానిదీ రెండు రోజుల్లో నింపేస్తాం, దాచడమెందుకు, నేనూ నింపాను. ఆ చివరి గడిలో మాత్రం దాదాపు అందరికీ "ఏమీ లేవు" అని రాసి సంతకం పెట్టేస్తాం. పోయినసారి అలా నింపుతుంటే, టీ తెచ్చిన మా డిపార్ట్‌మెంట్ అటెండరన్న కాసేపు నిలబడి చూసి, "మాకు గూడ ఉంటదా సార్ ఇసొంటి బుక్కు?" అన్నాడు. పదకొండేళ్లుగా అవుట్‌సోర్సింగ్‌లో ఉన్నాడాయన. ఎగతాళికే అడిగాడనుకుంటా. నన్ను మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు, ఎందుకంటే అలాంటి బుక్కు ఆయనకే కాదు, నాకూ లేదు.

ఎందుకు లేదో చూద్దాం. 2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసు అది. దేశమంతటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు పెట్టారు. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి, టీచింగ్, నాన్ టీచింగ్ సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి, పిల్లల్లో ప్రమాద సూచనలు ఎలా గుర్తుపట్టాలో, కుంగిపోయినవాళ్లతో మొదట ఎలా మాట్లాడాలో నేర్పాలి. అవసరమైన తీర్పే. కేసు పిల్లలది కాబట్టి తీర్పూ పిల్లల గురించే ఉంది, దాంట్లో తప్పులేదు. నా గొడవల్లా మన క్యాంపస్‌ల కాగితాలన్నీ ఇదే తీరుగా ఉండటం గురించి. వాటిలో సిబ్బంది అంటే పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లు. వాళ్లను కనిపెట్టుకుని ఉండాల్సింది ఎవరో ఎక్కడా రాసి ఉండదు.

అస్సలు లేదంటే అబద్ధమవుతుంది. నాక్ పత్రాల్లో ఆరో క్రైటీరియన్ కింద ఉద్యోగుల సంక్షేమ చర్యలు రాయమని ఇన్నాళ్లూ ఒక చోటు ఉండేది. అక్కడ మేం పెట్టేవి యోగా దినోత్సవం ఫొటోలు, బీపీ చూసిన హెల్త్ క్యాంపు ఫొటోలు, మహిళా దినోత్సవం ముగ్గుల పోటీ ఫొటోలు. జియో ట్యాగింగ్‌తో సహా.

అసలు చిక్కు "ఒత్తిడి" అనే మాట దగ్గరే మొదలవుతుంది. ఆ ఒక్క మాట కింద మూడు వేరువేరు సంగతులు కలగాపులగం అయిపోయాయి.

మొదటిది జబ్బు. డిప్రెషన్, యాంగ్జైటీ, బైపోలార్ లాంటివి. బీపీకి, షుగరుకు డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే వీటికీ వెళ్లాలి. రెండోది పని పెట్టే అలసట, ఈమధ్య అందరూ బర్నౌట్ అంటున్నది ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి నిర్వచనం ఇస్తూ, ఇది జబ్బు కిందికి రాదు, ఉద్యోగంలో ఏర్పడే పరిస్థితి అని స్పష్టంగా చెప్పింది. గుర్తులు మూడు: ఒంట్లో సత్తువంతా ఎవరో తోడేసినట్టు ఉండటం, చేసే పని మీద విరక్తి, వెటకారం పెరగడం, నేనేం చేసినా ఒరిగేదేమీ లేదనిపించడం. మూడోది అన్యాయం. నలుగురిలో అవమానించడం, లైంగిక వేధింపు, కులం చూసి పక్కన పెట్టడం, నెలల తరబడి జీతం ఆపడం, ఇవన్నీ. ఈ మూడోదానివల్ల కూడా నిద్ర కరువవుతుంది, ఏడుపొస్తుంది, గుండె దడదడలాడుతుంది, కానీ దానికి కావలసింది మాత్ర కాదు, విచారణ. లైంగిక వేధింపులకు 2013 చట్టం కింద ఇంటర్నల్ కమిటీ ఉంది, మిగతావాటికి ఎస్సీ ఎస్టీ సెల్, గ్రీవెన్స్ సెల్ లాంటివి, కనీసం కాగితం మీదైనా, ఉన్నాయి.

మూడింటికీ మూడు తలుపులు. మనవాళ్లు మూడింటినీ ఒకే సెమినార్ హాల్లోకి తోలి, వెనక "స్ట్రెస్ మేనేజ్‌మెంట్" అని ఫ్లెక్సీ కడతారు.

ఈ తేడా నాకు పుస్తకాల్లో తెలియలేదు. రెగ్యులర్ కాకముందు తొమ్మిదేళ్లు కాంట్రాక్టులో ఉన్నాను. కాంట్రాక్టు అంటే ఏటా మే నెలలో ఆగిపోయి, మధ్యలో ఒక రోజు బ్రేక్ చూపించి, జులైలోనో ఆగస్టులోనో రెన్యువల్ ఆర్డరు చేతికొచ్చేదాకా ఎవరికీ ఏమీ కాని మనిషిలా బతకడం. అప్పటికీ క్లాసులు చెబుతూనే ఉంటాం, ఆర్డరు రాలేదు కదా అని మానేస్తే వచ్చే ఆర్డరు కూడా రాదని భయం. ఒక ఏడాది ఆ రోజుల్లో నిద్ర పట్టడం మానేసింది. తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చోవడం, అన్నం మట్టిలా అనిపించడం, మా పాప స్కూల్లో పాడిన పాట వినిపిస్తుంటే కూడా లోపల ఏమీ కదలకపోవడం. రెన్యువల్ టెన్షన్ అనుకున్నాను, ఇంట్లోవాళ్లూ అదే అన్నారు. ఆగస్టులో ఆర్డరు వచ్చింది. స్వీట్లు పంచాం. ఆ రాత్రి కూడా మూడింటికే మెలకువ వచ్చింది.

అప్పుడు గానీ అనుమానం రాలేదు. కారణం తీరిపోయినా బాధ తీరలేదంటే అది ఇంకోటేదో అయ్యుండాలి. రోజులో ఎక్కువ సేపు దిగులుగానో, దేనిమీదా ఆసక్తి లేకుండానో రెండు వారాలకు పైగా, దాదాపు ప్రతిరోజూ ఉంటే డాక్టరుకు చూపించుకోమంటారు. నాకు రెండు నెలలు దాటింది. మా ఊళ్లో చూపించుకుంటే ఎవరైనా చూస్తారని అరవై కిలోమీటర్లు బస్సెక్కి వెళ్లాను, వెయిటింగ్ హాల్లో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. డాక్టరు డిప్రెషన్ అన్నారు. మందులు వాడాను, తగ్గింది. అయితే మందులు నా జబ్బును తగ్గించాయి గానీ రెన్యువల్ పద్ధతిని తగ్గించలేదు, మరుసటి మే నెల మళ్లీ అలాగే వచ్చింది. రెండూ నిజమే. పని వల్ల మొదలైనదైనా ఒక హద్దు దాటాక జబ్బవుతుంది, జబ్బు నయమైనా పని అలాగే ఉంటే మళ్లీ తిరగబెట్టొచ్చు.

క్యాంపస్‌లో ఎవరి మీద ఏది పడుతోందో చూస్తే ఈ చిక్కుముడి ఇంకొంచెం విడుతుంది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ 14 గంటలు పాఠం చెప్పాలి. చూడటానికి తక్కువే. బయటివాళ్లు "మీకేంటండీ, రోజుకు మూడు క్లాసులు" అనేది దీన్ని చూసే. ఖాళీలు ఏళ్ల తరబడి నింపని డిపార్ట్‌మెంట్‌లో ఆ పదహారు ఎంతవుతుందో, పైన పీహెచ్‌డీ గైడింగ్, ప్రమోషన్‌కు కావలసిన పేపర్లు, పరీక్షల డ్యూటీ, నాక్ ఫైళ్లు, అడ్మిషన్ల కమిటీ, పోర్టల్‌లో అప్‌లోడ్లు కలిపితే ఎంతవుతుందో ఎవరూ లెక్కేయరు. గెస్టు లెక్చరర్ల సంగతి వేరు. గంటకు 1,500, నెలకు 50,000 మించకుండా ఇవ్వొచ్చని 2019లో యూజీసీ చెప్పింది, మన దగ్గర చాలాచోట్ల అందులో సగం కూడా దక్కదు, పైగా సెలవొస్తే ఆ గంట డబ్బు పోయినట్టే. దసరా వస్తోందంటే పిల్లలు సంబరపడతారు, గెస్టు ఫ్యాకల్టీ వేళ్ల మీద గంటలు లెక్కపెట్టుకుంటారు.

ఇక నాన్ టీచింగ్. యూనివర్సిటీ సిబ్బంది అనగానే ప్రొఫెసర్లే గుర్తొస్తారు, మానసిక ఆరోగ్యం మీద వ్యాసాలు కూడా వాళ్ల గురించే రాస్తారు. రిజల్ట్స్ వచ్చిన వారంలో ఎగ్జామ్ బ్రాంచి ముందు ఒక్క పూట నిలబడి చూడండి. కిటికీ దగ్గర ముప్పై మంది, లోపల మోగుతూనే ఉన్న ఫోను, "విత్‌హెల్డ్ ఎందుకు పెట్టారు" అని అరుస్తున్న తండ్రి, కిటికీ వెనక ఒక జూనియర్ అసిస్టెంట్. ఆ విత్‌హెల్డ్ ఆమె పెట్టింది కాదు, తీసేసే అధికారమూ ఆమెకు లేదు, కాలేజీ నుంచి మార్కులు రాలేదన్న మాట చెప్పడానికి మాత్రం ఆమె ఉంది. రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లో చెప్పిన సంగతి సరిగ్గా ఇదే: మనిషిని దెబ్బతీసేది పని ఎక్కువ కావడం ఒక్కటే కాదు, పని ఎక్కువై, దాని మీద తన చేతిలో ఏమీ లేకపోవడం. వీసీ గారికీ టెన్షనే, కాదనను. ఆయన చేతిలో కనీసం సంతకం ఉంది.

మరి సంస్థలు ఏం చేస్తున్నాయి? మా దగ్గర ఒకసారి వాల్యుయేషన్ నడుస్తుండగా రెండో శనివారం స్ట్రెస్ మేనేజ్‌మెంట్ వర్క్‌షాప్ పెట్టారు. హాజరు తప్పనిసరి, బయోమెట్రిక్ ఉంటుంది అని రాత్రి తొమ్మిదిన్నరకు వాట్సాప్ గ్రూపులో మెసేజ్. వచ్చినాయన మంచివాడే పాపం, కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టమన్నాడు. కళ్లు మూసుకున్నాం. పక్క సీట్లో ఉన్న మేడమ్ ఫోను వైబ్రేట్ అవుతూనే ఉంది, ఇంకా ఎన్ని కట్టలు మిగిలాయని క్యాంప్ ఆఫీసర్ అడుగుతున్నారట.

దీన్ని నవ్వులాటగా తీసిపారేయొద్దు, దీని మీద పరిశోధనే ఉంది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది ఉద్యోగుల సర్వే సమాచారం చూసి 2024లో ఒక పత్రం వెలువరించాడు. మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులు, ఒత్తిడి తట్టుకునే శిక్షణలు, వెల్‌బీయింగ్ యాప్‌లు లాంటివి వాడుకున్నవాళ్లకూ వాడుకోనివాళ్లకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సేవా కార్యక్రమాల్లో పాల్గొనడం ఒక్కటే కాస్త నయం. ధ్యానం పనికిరాదని దీనర్థం కాదు, ఇష్టంతో ఇంట్లో చేసుకునేవాళ్లకు అది వేరే సంగతి. పని సర్దాల్సిన చోట మనిషిని సర్దుకోమంటే లాభం కనిపించలేదన్నమాట.

బ్రిటన్ పేరు ఎందుకు ఎత్తానంటే, అక్కడి యూనివర్సిటీల్లోనూ పరిస్థితి బాగాలేదు, కాకపోతే వాళ్లు లెక్కలు బయటపెట్టారు. 2019లో వచ్చిన ఒక నివేదిక కోసం 59 యూనివర్సిటీల నుంచి సమాచార హక్కు కింద లెక్కలు అడిగితే, 2009 తర్వాతి కొన్నేళ్లలో కౌన్సెలింగ్‌కు వెళ్లిన సిబ్బంది సగటున 77 శాతం పెరిగారని తేలింది. మన దగ్గర ఆర్‌టీఐ వేసినా ఏమొస్తుంది, సిబ్బందికి కౌన్సెలింగే లేనప్పుడు సున్నా వస్తుంది, సున్నా చూసి సమస్యే లేదనుకుంటారు.

బ్రిటన్ ఆరోగ్య, భద్రతా శాఖ పని ఒత్తిడిని ఆరు కోణాల్లో చూడమంటుంది: పని భారం, పని మీద పట్టు, పైవాళ్ల అండ, మనుషుల మధ్య సంబంధాలు, ఎవరి పని ఏదన్న స్పష్టత, మార్పు తెచ్చే తీరు. అగ్నిప్రమాదం ముప్పును అంచనా వేసినట్టే ఒత్తిడి ముప్పునూ అంచనా వేయడం అక్కడి యజమాని బాధ్యత. ఈ ఆరింటినీ మన క్యాంపస్ మీద పెట్టి చూడండి. పట్టు దగ్గరే మొత్తం దొరికిపోతుంది: స్పాట్ డ్యూటీ ముందురోజు రాత్రి చెప్పడం, టైమ్‌టేబుల్ సెమిస్టర్ మొదలయ్యాక ఇవ్వడం. మార్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. మా దగ్గర ఒకసారి పరీక్షల మధ్యలో పోర్టల్ మార్చారు, పాత లాగిన్ పనిచేయదు, కొత్తది ఎవరికీ రాదు, వారం రోజులు ఎగ్జామ్ బ్రాంచి వాళ్లు రాత్రి పదింటిదాకా కూర్చున్నారు. ఇవి సరిచేయడానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. రెన్యువల్ ఆర్డర్లు వేసవి సెలవుల ముందే ఇవ్వడం, డ్యూటీలు పది రోజుల ముందు చెప్పడం, ఫలితాల వారంలో కిటికీ దగ్గర ఇద్దర్ని గంటల లెక్కన మార్చి మార్చి కూర్చోబెట్టడం, రాత్రి ఎనిమిది దాటాక గ్రూపులో మెసేజ్ పెట్టకపోవడం. నిజానికి ఇవే సిబ్బంది మానసిక ఆరోగ్య కార్యక్రమాలు, ఫొటో తీయడానికి మాత్రం ఏమీ ఉండదు.

కౌన్సెలర్ వద్దనడం లేదు. మొదటి తలుపు కావాల్సినవాళ్లకు కౌన్సెలర్ కావాలి. కాకపోతే ఎక్కడ కూర్చోబెడుతున్నారన్నది చాలా ముఖ్యం. మా కౌన్సెలింగ్ గది పరిపాలనా భవనం కింది అంతస్తులో, జీతాల సెక్షన్‌కు ఎదురుగా, అద్దాల తలుపుతో ఉంది. ఆ గదిలోకి ఏ టీచరైనా వెళ్లడం నేను చూడలేదు. మాటకు ముందు "ఎర్రగడ్డకు పంపాలి" అని ఇటువాళ్లు, "చినవాల్తేరు కేసు" అని అటువాళ్లు జోకులేసుకునే సమాజం మనది. ఎర్రగడ్డలోది, విశాఖ చినవాల్తేరులోది ప్రభుత్వ మానసిక వైద్యశాలలు, అక్కడ రోజూ మామూలు మనుషులు వచ్చి చూపించుకుని, మందులు తీసుకుని ఇంటికి పోతారు. అది తెలిసినా ఆ గాజు తలుపు తోయాలంటే చెయ్యి రాదు. మనకు సమాధానం బయటి కౌన్సెలర్ అని నా ఉద్దేశం: యూనివర్సిటీ డబ్బు కడుతుంది, ఉద్యోగి నేరుగా ఫోన్ చేసుకుంటాడు, యూనివర్సిటీకి నెలకు ఎంతమంది వాడుకున్నారన్న అంకె తప్ప పేరు తెలియదు. కంపెనీల్లో ఈ ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది.

గోప్యత విషయంలో చట్టం మన పక్షానే ఉంది, తెలిసినవాళ్లు తక్కువ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి, ఎవరికైనా హాని జరిగే ప్రమాదం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప. హెచ్‌ఓడీ గారు కుతూహలం కొద్దీ అడిగితే చెప్పే వీల్లేదు. అదే చట్టం 21వ సెక్షన్ మానసిక జబ్బుకూ శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలంటుంది, 2018 ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా కంపెనీలకు ఆ మేరకు ఆదేశాలిచ్చింది. ఇక్కడో మెలిక: చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి, మనకు ఎక్కువగా అయ్యేది ఓపీ ఫీజు, మందుల ఖర్చు, అది జేబులోంచే. పాలసీ తీసుకునేటప్పుడు ఓపీ ఉందా అని అడగండి.

ఉద్యోగం పోతుందన్న భయం ఉంది చూశారూ, దానికీ కొంత అడ్డుకట్ట ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యాన్నీ చేర్చారు. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయడానికి గానీ హోదా తగ్గించడానికి గానీ వీల్లేదని 20వ సెక్షన్ చెబుతుంది, రాష్ట్ర చట్టంతో ఏర్పడిన యూనివర్సిటీలూ ఈ నిర్వచనంలోకి వస్తాయి. మానసిక వైకల్యం ఉన్న ఒక సీఆర్‌పీఎఫ్ ఉద్యోగి కేసులో, ఆ వైకల్యంతో ముడిపడిన ప్రవర్తనకు క్రమశిక్షణ చర్యలు మొదలుపెట్టడం వివక్షే అవుతుందని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మామూలు దిగులుకు ఇవన్నీ వర్తించవు, జబ్బు తీవ్రంగా, దీర్ఘకాలంగా ఉండాలి. పైగా ఇదంతా సర్వీసు రిజిస్టరు ఉన్నవాళ్లకు ఉపయోగపడినంతగా ఏడాది ఆర్డరు మీద ఉన్నవాళ్లకు పడదు, వాళ్లను తీసేయక్కర్లేదు, రెన్యూ చేయకపోతే చాలు.

ఈ రాత్రికే కావాలంటే ఏముంది? టెలీ మానస్ అనే హెల్ప్‌లైన్ ఉంది, 14416. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టింది, డబ్బులేమీ లేవు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే పైస్థాయి నిపుణులకు కలుపుతారు, దగ్గర్లో ఎక్కడ చూపించుకోవాలో చెబుతారు. సాటి ఉద్యోగి ఎవరైనా బతకాలని లేదన్న మాట అంటే, హాస్యానికి అన్నా సరే, ఒంటరిగా వదిలి రాకండి. సూటిగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుట్టుకొస్తుందన్నది వట్టి అపోహ. ఇంట్లోవాళ్లకు ఫోన్ చేయండి, ప్రమాదం అనిపిస్తే 112 లేదా నేరుగా ఆస్పత్రి.

ఆ నంబరు ఒక చీటీ మీద రాసి మా అటెండరన్నకు కూడా ఇచ్చాను, బుక్కు లేదన్నా, ఇది ఉంది అని. చీటీని రెండుసార్లు చదువుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటూ, "మూడు నెలల జీతం సంగతి గూడ గీళ్లకే చెప్పొచ్చా సార్?" అన్నాడు. అది గీళ్లకు కాదన్నా, లేబర్ ఆఫీసుకు అన్నాను. కుర్చీ లాగి కూర్చోమని, ఏజెన్సీ పేరు, చివరిసారి జీతం పడిన తేదీ, పీఎఫ్ నంబరు అడుగుతూ మెంటర్ బుక్కు వెనక ఉన్న ఖాళీ పేజీ మీద చిత్తుప్రతి రాయడం మొదలుపెట్టాను.